ఆరు నిలువులు

ఉదయం ఏడింటికి సరయేవోలో హోటలు ముందు
బూడిదరంగు స్కోడా ఆపి దిగాడు సెనాహిద్.
చేతి కాగితం మీద నా పేరు, తప్పుగా,
దాని పక్కన "ఇద్దరు" అని.
నా వెనక తలుపు వైపు ఒకసారి చూశాడు.
ఎవరూ రాలేదు. అతనూ అడగలేదు.
రెండు నీళ్ల సీసాల్లో ఒకటి నాకిచ్చి
రెండోదాన్ని వెనకసీట్లో కూర్చోబెట్టి
దానికీ బెల్టు తగిలించాడు,
మలుపుల్లో దొర్లకుండా.

దారంతా వల్లెవేసిన మాటలే.
ఇది ఫలానా లోయ, అది ఫలానా రాజు కోట,
ఇక్కడ వజీర్లు పుట్టారు, ఇక్కడ రేగడి మట్టి.
ఎక్కడ నవ్వాలో అక్కడ తనే ముందు నవ్వుతాడు.
పన్నెండేళ్లుగా అదే నవ్వు, అదే మలుపులో.
ఊఁ కొడుతూ కూర్చున్నాను,
రోజంతటికీ డబ్బు కట్టిన శ్రోతని.

త్రావ్నిక్‌లో, చన్నీటి వాగు పక్కన కాఫీ.
రాగి గిన్నెలో వచ్చింది, చక్కెర బిళ్ల విడిగా.
కలపకూడదట.
బిళ్ల మూల ముంచి, కొరికి,
ఆ తీపి కరిగేలోపు చేదు గుటక వెయ్యాలి.
నేను బిళ్లంతా కప్పులో పడేశాను.
పక్క బల్ల దగ్గరి ముసలాయన
ఏదో అన్నాడు, అందరూ నవ్వారు.
సెనాహిద్ అనువదించలేదు.

యైత్సె.
ఊరి నడిబొడ్డున జలపాతం.
సంతకని బయల్దేరినట్టు వచ్చి
ఒక నది ఇంకో నదిలోకి దూకేస్తోంది.
పైన కోట, కోట కింద ఇళ్లు, ఇళ్ల కింద హోరు.
బాల్కనీలో ఒకామె దుప్పటి దులుపుతోంది,
అటు చూడనైనా చూడకుండా.

తుంపర మొహాన పడగానే
సెనాహిద్ మాట ఆపేశాడు.
కాసేపటికి, పాఠంలో లేని గొంతుతో:
"నా చిన్నప్పుడు ఇది ఇంకా ఎత్తుండేది."

నవ్వొచ్చింది నాకు.
ఎవరి చిన్నప్పుడు మాత్రం ఏది చిన్నగా ఉంది?
మా బడి గోడ, మా నాన్న భుజం, ఎండాకాలం సెలవులు,
అన్నీ తర్వాత కుంచించుకుపోయినవే.
అర్థమైనట్టు తల ఊపాను.

"అలా కాదు. నిజంగానే.
యుద్ధంలో పైనీళ్లు కట్టు తెంచుకున్నాయి.
అంచు విరిగిపడింది. అప్పుడు మేం ఇక్కడ లేం.
తిరిగొచ్చాక మా నెనా ఇంటికి పోలేదు,
ముందిక్కడికే వచ్చి నిలబడింది.
పొట్టిదైపోయింది, అంది.
తర్వాత ఇల్లు చూసి ఏమీ అనలేదు."
నెనా అంటే వాళ్లకి అమ్మమ్మ.

మూడింట ఒక వంతు పోయిందట.
మనసులో మనుషుల్ని ఒకరి మీద ఒకరిని
నిలబెట్టి చూశాను:
నాలుగు నిలువులు, ఐదు, ఆరు.
ఆరో మనిషి తల ఉన్నచోట
ఇప్పుడు ఒక పావురం ఎగురుతోంది.
నీళ్లకి ఆ లెక్క లేదు.
విరిగిన చోటినుంచే మొదలెట్టి
పూర్తిగానే దూకుతున్నాయి.

చెరువు దగ్గర కాళ్ల మీద నిలబడ్డ చెక్క మరలు,
పిట్టగూళ్లంతేసి.
ఒక్కదాని చక్రం తిరుగుతోంది, ఫోటోల కోసం.
సెనాహిద్ కారు దాకా వెళ్లి
వెనకసీటు బెల్టు విప్పి సీసా తెచ్చాడు.
"తాగనా?" అన్నాడు.
పొద్దుట్నించీ అతనడిగిన ప్రశ్న అదొక్కటే.
తాగమన్నాను.

మెవ్లా అనే ఆవిడ కొట్లో
ఊలు మేజోళ్ల కింద పాత పోస్టుకార్డులు.
ఒక మార్కు.
రంగు వెలిసిన ఆకాశం, నిండు జలపాతం.
సెనాహిద్ దానిమీద బొటనవేలు ఆనించి
పైఅంచుని కప్పాడు. "ఇంత."
గోరంతను కొండంత చేస్తారని మా వైపు వెక్కిరింత.
ఇక్కడేమో కొండంత
ఒక డ్రైవరు గోరుకింద ఇమిడిపోయింది.
మెవ్లా చిల్లర వెతుకుతూనే ఉంది.

రాత్రి హోటల్లో కార్డు తిప్పి
చిరునామా రాశాను, రానివాళ్లది.
మిగతా సగంలో చాలా చోటుంది.
ఇది ఇంకా ఎత్తుండేది, అని రాసి,
నమ్మరేమోనని
కింద మళ్లీ రాశాను:
నిజంగానే.